తెరమీది పద్దు ఫైలులో చేరు విధము

ప్రకాశం బ్యారేజి వద్ద కాలువల తలుపులు ఎత్తిరన్న వార్త విజయవాడలో ఉదయముననే తెలియును. ఆ నీరు నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వంటి చివరి ఆయకట్టు ప్రాంతములకు చేరుటకు రోజులు పట్టును. కావున అచ్చటి రైతు వార్త విన్నంతనే నారుమడికి దిగడు. కాలువ గట్టుమీదికి పోయి నీటిని కన్నులార చూచిన పిదపనే దుక్కి మొదలుపెట్టును. 1855లో ఆనకట్ట పూర్తియైన కాలమునుండియు, 1957లో దానికి బదులుగా బ్యారేజి వచ్చిన తరువాతను, డెల్టా రైతునకు ఈ జాగ్రత్త అలవాటైయున్నది. తలుపు ఎత్తుట వేరు, చేను తడియుట వేరు.

ఈ పాఠమున మేము చెప్పబోవు విషయము కంప్యూటరులో లెక్కల పుస్తకము వ్రాసికొనుటను గూర్చినది. అయినను ఇందు కావలసిన జాగ్రత్త చివరి ఆయకట్టు రైతు చూపు జాగ్రత్తయే. తెరమీద పద్దు కనబడినది గదా అని లేచిపోయి నష్టపడినవారిలో మేము నొకరము. ఆ సంగతి ముందు చెప్పెదము.

మన గ్రామములలో ఏదో యొక లెక్క వ్రాసికొననివారు అరుదు. కౌలు రైతు విత్తనమునకు, దమ్ముకు, నాట్లకు, ఎరువునకు అయిన వ్యయమును వ్రాసికొనును. పొదుపు సంఘములో లెక్కలు చూచు సోదరి వారపు జమలు వ్రాయును. కైకలూరు వైపు చేపల చెరువులవారు మేత బస్తాల లెక్క వ్రాయుదురు. వీరిలో కౌలు రైతు లెక్క మిక్కిలి సున్నితమైనది. 2019 నాటి చట్టమును బట్టి సాగుదారు హక్కు పత్రము పొందినవారు కొందరు కలరు. కేవలము నోటిమాట మీద సాగు చేయువారు ఇంకను అనేకులు. పంట ఇంటికి వచ్చిన పిదప ఎకరమునకు ఇన్ని బస్తాలని భూస్వామికి కొలుచునప్పుడు, ముందుగా ఇచ్చిన సొమ్మెంత, బాకీ యెంత అను ప్రశ్న వచ్చును. అపుడు ఇరువురికి నడుమ ఉండు సాక్ష్యము ఆ పుస్తకమే.

కాగితపు పుస్తకము మంచిదే. కాని డెల్టాలో కాగితమునకు నీటితో వైరము. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమ ఇండ్లలో మనుష్యులే మిగులలేదు; కాగితముల మాట చెప్పనేల? 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతము మునిగినపుడు, అచ్చటి మా బంధువుల ఇంట భద్రముగా ఉంచిన మా కుటుంబపు పాత లెక్కల పుస్తకములు నాలుగు రోజులు నీటిలో నానినవి. ఎండబెట్టి చూడగా సిరా మొత్తము పుటలపై పరచుకొని, అంకెలలో ఏది మూడో ఏది ఎనిమిదో తెలియకుండ పోయినది. మా అన్నగారు రెండెకరముల సొంత భూమితోపాటు మూడెకరములు కౌలునకు చేయుచున్నారు. లెక్కలు వ్రాయు పని మాది. ఆ వరదల పిదపనే మేము కంప్యూటరు పుస్తకమునకు మారితిమి.

మేము ఎన్నుకొన్నది టిడ్లీవికీ అనునది. ఇంగ్లండు దేశమునకు చెందిన జెరెమీ రస్టన్ 2004లో దీనిని రూపొందించి లోకమునకు ఉచితముగా ఇచ్చెను. ఇందు ప్రతి చిన్న వ్రాతకును టిడ్లర్ అని పేరు. ఇంగ్లీషులో ఆ మాటకు చిన్న చేప అని అర్థము. కొల్లేటివారికి ఈ పేరు నచ్చవచ్చును. ఒక్కొక్క రోజు పద్దు ఒక్కొక్క చిన్న చేప. అవన్నియు ఈదు చెరువు ఒకే ఒక ఫైలు. ఆ ఫైలు రెండు మూడు మెగాబైట్ల పరిమాణము మాత్రము గలది. పుస్తకము, దానిని తెరచు తాళపుచెవి, వెదకు సాధనము, వ్రాయు పలక అన్నియు దానిలోనే ఉండును. వేరుగ ప్రోగ్రామును చేర్చుకొన నక్కరలేదు. బ్రౌజరు ఉన్న ఏ కంప్యూటరులోనైనను తెరువవచ్చును. తెలుగులో నిరాటంకముగా వ్రాయవచ్చును. ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. గాలివానకు సెల్ టవర్లు మూగవోయిన దినములలో ఇది చిన్న సౌకర్యము కాదు. మన లెక్కలు పరుల కంప్యూటరులో ఉండవు గనుక ఇతరులు చూతురను భయమును లేదు.

అయితే అందువలననే కష్టమును వచ్చినది. పరుల కంప్యూటరులో ఉండు పుస్తకమును వారే క్షణక్షణము భద్రపరచుచుందురు. మన ఫైలును మనమే భద్రపరచుకొనవలెను.

ఇచ్చట బ్రౌజరు స్వభావమును కొంత తెలిసికొనవలసియున్నది. బ్రౌజరు లోకమందలి పుటలన్నిటిని తెచ్చి చూపును. ఆ పుటలలో మంచివారు వ్రాసినవి కలవు, మోసగాండ్రు వ్రాసినవియు కలవు. చూపబడిన ప్రతి పుటకును మన కంప్యూటరులోని ఫైళ్లమీద వ్రాయు అధికారము ఇచ్చినచో, ఏదో యొక పుట మన దస్త్రములన్నిటిని చెరిపి పోవచ్చును. కనుక బ్రౌజరు పుటలకు ఆ అధికారమును ఇవ్వదు. టిడ్లీవికీ కూడ దాని కన్నులకు ఒక పుటయే. అది మన సొంత పుస్తకమని బ్రౌజరునకు తెలియదు. నిజమునకు 2004 నాటి తొలి ప్రతికి మార్పులను భద్రపరచు శక్తియే లేదు. ఆ ఉపాయములు తరువాత చేరినవి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు టిడ్లీఫాక్స్ అను అనుబంధము ఉండెడిది. దాని సాయమున ఫైలుమీద నేరుగా వ్రాయ వీలయ్యెడిది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ ప్రతి వచ్చినప్పుడు పాత పద్ధతి అనుబంధములన్నియు ఆగిపోయినవి. దానితో ఆ సదుపాయమును పోయినది.

ఇపుడు సామాన్యముగా జరుగునది ఇది. మనము భద్రపరచు మీటను నొక్కగానే టిడ్లీవికీ తన మొత్తము పుస్తకమును, నేటి మార్పులతో సహా, క్రొత్తగా ఒక ప్రతి తయారుచేసి బ్రౌజరు చేతికిచ్చును. బ్రౌజరు దానిని ఇంటర్నెట్టు నుండి దిగిన వస్తువువలెనే భావించి డౌన్‌లోడ్స్ అను ఫోల్డరులో పడవేయును. మనము తెరచిన ఫైలు మాత్రము ఉన్నచోటనే, ఉన్నట్లే, నిన్నటి రూపమున నిలిచియుండును. ఈ ఒక్క వాక్యమును పాఠకులు మరల చదువవలెనని కోరుచున్నాము. భద్రపరచిన పిదప మనకు రెండు పుస్తకములు ఉండును. పాతది తెరచినచోట, క్రొత్తది డౌన్‌లోడ్సులో.

ఇంతకు ముందే ఇంకొక మెట్టు కలదు. పాత కాలమున షావుకారు కొట్టులో గుమాస్తా ఆనాటి బేరములను మొదట చిట్టాలో వ్రాసెడివాడు. ప్రొద్దుగూకిన పిదప చిట్టాలోని పద్దులను ఆవర్జాలోనికి ఎత్తెడివాడు. చిట్టాకెక్కినంత మాత్రమున ఖాతాకు చేరినట్లు కాదు. టిడ్లీవికీలోను సరిగా ఈ రెండు మెట్లే ఉన్నవి. పెన్సిలు గుర్తు నొక్కి పద్దును తెరచి మార్చునప్పుడు అది చిత్తు ప్రతి. వ్రాత ముగిసిన పిదప ఆ పద్దు పైభాగముననున్న టిక్కు గుర్తును నొక్కవలెను. అపుడు చిత్తు సాపై పుస్తకములో నిలుచును. అయినను ఆ పుస్తకము ఇంకను బ్రౌజరు జ్ఞాపకములోనే ఉన్నది. కంప్యూటరు ఆపివేసినచో పోవును. ప్రక్క పట్టీలో వలయములోని టిక్కు గుర్తుతో మరియొక మీట కలదు. మార్పులు ఉన్నంతవరకు అది ఎఱ్ఱగా కనబడును. దానిని నొక్కినప్పుడే పుస్తకము ఫైలుగా వెలువడును. చిన్న టిక్కు చిట్టా, పెద్ద టిక్కు ఆవర్జా అని మా ఇంట పిల్లలకు చెప్పితిమి; వారికి వెంటనే అర్థమైనది. చిట్టా, ఆవర్జా అననేమో మాత్రము వారికి ముందుగా చెప్పవలసివచ్చినది.

తనంతట తాను భద్రపరచుకొను ఏర్పాటు టిడ్లీవికీలో ఉన్నది గదా అని కొందరు అడుగవచ్చును. ఉన్నది. కాని డౌన్‌లోడు పద్ధతిలో అది మామూలుగా పనిచేయదు. ప్రతి చిన్న మార్పునకును ఒక ప్రతి దిగుచున్నచో ఫోల్డరు నిండిపోవును గనుక రచయితలే దానిని ఆపియుంచిరి. అందుచేత పెద్ద టిక్కును మన చేతితోనే నొక్కవలెను.

ఎఱుపు పోయినచో అంతయు క్షేమమేనా? ఇచ్చటనే మిక్కిలి మోసము కలదు. పుస్తకమును బ్రౌజరు చేతికి ఇచ్చినంతనే టిడ్లీవికీ తన పని ముగిసినదని తలచి ఎఱుపును తీసివేయును. ఆ తరువాత బ్రౌజరు దానిని ఎచ్చట ఉంచినదో, అసలు ఉంచినదో లేదో దానికి తెలియదు. ఎచ్చట ఉంచవలెనని బ్రౌజరు అడిగినప్పుడు మనము పొరపాటున వద్దు అని నొక్కినను ఎఱుపు పోవును. ఫైలు మాత్రము ఎచ్చటను ఉండదు. బ్యారేజి వద్ద తలుపు ఎత్తిరి. కాలువలో నీరు లేదు.

ఇక మా కథ. 2025 జూనులో పుస్తకమును ప్రారంభించి, ఫైలును తెరమీదనే కంటికెదురుగా ఉంచితిమి. నారు పోసిన తేదీ, కాలువ నీరు వచ్చిన తేదీ, యూరియా బస్తాలు, కూలీల దినములు, కౌలుకు ముందుగా ఇచ్చిన సొమ్ము అన్నియు ఏ రోజునకు ఆ రోజు వ్రాయుచుంటిమి. వ్రాసిన పిదప పెద్ద టిక్కును నొక్కుటయు మరువలేదు. కంప్యూటరును ఆపకుండ మూతవేయుట మా అలవాటు గనుక ఆ పుట వారములకొలది తెరచియే ఉండెడిది. మరల కరెంటు పోయి కంప్యూటరు ఆగినప్పుడు, తెరమీది ఫైలును నొక్కి పుస్తకమును తెరచెడివారము. అది జూను నాటి ఫైలు! క్రొత్త పద్దులున్న ప్రతులన్నియు డౌన్‌లోడ్సులో పడియున్నవి. క్రొత్త పద్దు వ్రాయుటకు మీట నొక్కి వ్రాసితిమే గాని, నిన్నటి పద్దు కలదా అని వెనుకకు తిరిగి చూడలేదు.

నవంబరులో కోతలకు ముందు ఎకరమునకు అయిన ఖర్చు తేల్చవలసి వచ్చినది. మా అన్నగారి కుమారుడు పుస్తకము తెరచి కొంతసేపు చూచి, "బాబాయిగారూ, రెండవ దఫా ఎరువు వేసినట్లే లేదే! కౌలు బయానా కూడ కనబడుట లేదు" అనెను. మేము నమ్మలేదు. స్వయముగా వ్రాసిన పద్దు ఎచ్చటికి పోవును? డౌన్‌లోడ్సు తెరచి చూడగా అచ్చట పది ప్రతులు వరుసగా ఉన్నవి. పేరు ఒక్కటే, చివర కుండలీకరణములలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు. తెరమీది దానితో కలిపి పదకొండు పుస్తకములు. వానిలో ఒక్కటియు సంపూర్ణమైనది కాదు. ఒకదానిలో జూలై ఉన్నది, ఆగస్టు లేదు. మరియొకదానిలో ఆగస్టు ఉన్నది గాని జూలై లేదు. మా అన్నగారు ఒక మాటయు అనలేదు. అనియున్నచో బాగుండెడిది.

ఆ రాత్రి కూర్చుండి ప్రతులను కలిపితిమి. ఆ విధానము తెలిసియుండుట అవసరము గనుక చెప్పెదము. టిడ్లీవికీ ఫైలు నొకదానిని పట్టి, తెరచియున్న వేరొక టిడ్లీవికీ పుటపైకి లాగి వదలినచో, దానిలోని పద్దుల జాబితా కనబడును. కావలసినవానిని ఎన్నుకొని చేర్చుకొనవచ్చును. కాని ఒకే పేరు గల పద్దు రెండింటను ఉన్నచో, క్రొత్తగా చేరునది పాతదానిని తుడిచివేయును. మా పద్దులకు తేదీలే పేర్లు. ఒకే తేదీన రెండు వేర్వేరు ప్రతులలో వ్రాసియున్న సందర్భములు మూడు కనబడినవి. వానిని మొదట కాగితముపై ఎత్తివ్రాసికొని, కలిపిన తరువాత చేతితో సరిదిద్దితిమి. కలుపుటకు ముందు పదకొండు ప్రతులను వేరొక ఫోల్డరులోనికి నకలు చేసి ఉంచితిమి. మరమ్మతు చేయబోయి ఉన్నది పోగొట్టుకొనుట లోకమున క్రొత్తగాదు.

ఏ ప్రతిలో ఏ కాలపు పద్దులు ఉన్నవో తెలిసికొనుటకు ఒక సులువు కలదు. ప్రక్క పట్టీలో ఇటీవలి మార్పుల జాబితా ఒకటి ఉండును. ప్రతి పద్దునకును అది చివరిసారి మార్చబడిన తేదీ పుస్తకములోనే వ్రాయబడియుండుటచే, ఆ జాబితాలో అన్నిటికంటె పైనున్న తేదీ ఆ ప్రతి వయస్సును చెప్పును. ఫైలు పేరును నమ్మరాదు. చివర పదవ అంకె ఉన్నంతమాత్రమున అదియే సంపూర్ణమైనదని అనుకొనుట పొరపాటు. మా విషయమున మొదటి అంకెగల ప్రతిలోనే ఎక్కువ పద్దులు దొరకినవి.

ఇట్టి చిక్కు రాకుండుటకు చేయవలసిన పని చాల స్వల్పము. బ్రౌజరు సెట్టింగులలో డౌన్‌లోడులను గూర్చిన భాగమునకు పోయి, ప్రతి ఫైలునకు ముందుగా చోటు అడుగవలెను అను ఏర్పాటును ఎన్నుకొనవలెను. క్రోములోను, ఫైర్‌ఫాక్సులోను ఇది ఉన్నది. పిమ్మట పెద్ద టిక్కును నొక్కగానే ఎచ్చట ఉంచవలెనని కిటికీ తెరచుకొనును. మనము ఏ ఫైలును తెరచితిమో ఆ ఫోల్డరునకు పోయి, ఆ ఫైలునే ఎన్నుకొని, ఆ పేరుతో ఇదివరకే ఒకటి కలదు, దాని స్థానమున ఉంచవచ్చునా అని అడిగినప్పుడు అవును అనవలెను. ఇట్లు చేసినచో పాతదానిపై క్రొత్తది కూర్చుండును. పుస్తకము ఒక్కటే మిగులును. ఆ ప్రశ్న రాకుండ ఫైలు ఊరక దిగినచో పేరైనను చోటైనను తప్పినదని గ్రహింపవలెను. ఆ హెచ్చరికను చూచి చాలమంది భయపడి వద్దు అందురు. సాధారణముగా అట్టి భయము మంచిదే గాని, ఇచ్చట అవును అనుటయే సరియైన సమాధానము.

మొదటి దినముననే ఒక పరీక్ష చేసికొనుట మంచిది. పరీక్ష అను పేరుతో ఒక చిన్న పద్దు వ్రాసి, చిన్న టిక్కు, పెద్ద టిక్కు రెండును నొక్కి, ఫైలు చేరిన పిదప బ్రౌజరును పూర్తిగా మూసివేయవలెను. తరువాత ఫోల్డరు తెరచి, ఫైలుమీద నేటి తేదీ, ఇప్పటి సమయము ఉన్నవో లేవో చూచి, అచ్చటినుండియే దానిని తెరువవలెను. పరీక్ష పద్దు కనబడినచో మార్గము సరియైనది. బ్రౌజరు మూయకుండ అదే పుటలో చూచుట పరీక్ష కాదు. ఆ పుటలో అది ఎట్లైనను కనబడును.

కంప్యూటరు సొంతమైనవారికి ఇంతకంటె సుఖమైన మార్గము ఒకటి కలదు. టిడ్లీడెస్క్‌టాప్ అను ఉచిత ప్రోగ్రామును చేర్చుకొని దానిలో పుస్తకమును తెరచినచో, అది బ్రౌజరు కట్టుబాట్లు లేకుండ ఫైలుమీద నేరుగా వ్రాయును. పాత ప్రతులను కూడ వేరుగ దాచియుంచును. మేము ఇపుడు దానినే వాడుచున్నాము. ఇతరుల కంప్యూటరులో, గ్రంథాలయములో, స్నేహితుల ఇంట వ్రాయవలసివచ్చినవారికి మాత్రము డౌన్‌లోడు పద్ధతియే గతి.

సెల్‌ఫోను మాట. చేనిగట్టున నిలిచి పద్దు వ్రాయవలెనని ఎవరికి ఉండదు? కాని ఫోను బ్రౌజరులో ఈ పుస్తకమును వ్రాయుటను మేము ప్రోత్సహింపజాలము. ఫోనులో ఫైలు స్థానమును ఎన్నుకొని దానిమీదనే ఉంచుట తరచు కుదరదు. అంతేగాక వేరొక పని తెరచినప్పుడు, జ్ఞాపకశక్తి చాలక, వెనుకనున్న పుటను ఫోను తానే మూసివేయును; అప్పటికి భద్రపరచని వ్రాత పోవును. కంప్యూటరులోనైనచో భద్రపరచకుండ పుటను మూయబోవునప్పుడు బ్రౌజరు ఒకమారు హెచ్చరించును. ఫోనులో ఆ హెచ్చరికపై ఆధారపడరాదు. ఆండ్రాయిడ్ ఫోనులకు టిడ్లాయిడ్ అను ప్రత్యేక యాప్ కలదు, అది ఫైలుమీదనే భద్రపరచును. అది లేనివారు చేనివద్ద చిన్న కాగితముపై వ్రాసికొని రాత్రి ఇంట ఎక్కించుకొనుట మేలు. చిట్టాకు కాగితము, ఆవర్జాకు కంప్యూటరు.

వాట్సాపులో ఒకరి కొకరు పుస్తకమును పంపుకొనువారు ఇంకొక విషయము గమనింపవలెను. పంపిన క్షణమునుండి అవి రెండు వేర్వేరు పుస్తకములు. అన్న తన ప్రతిలో వ్రాసి, తమ్ముడు తన ప్రతిలో వ్రాసినచో, ఏ ప్రతియు పూర్ణము కాదు. ఒకే కంప్యూటరులో ఒకే పుస్తకమును రెండు ట్యాబులలో తెరచి వ్రాసినను అదే చిక్కు. చివర భద్రపరచినది ముందుదానిని తుడిచివేయును. చదువుటకు ఎందరికైనను ఈయవచ్చును. వ్రాయు చేయి ఒక్కటిగా ఉండవలెను.

వారమునకు ఒకసారి, మా ఇంట శనివారము రాత్రి, ఫైలును తేదీ పేరుతో పెన్‌డ్రైవులోనికి నకలు చేయుచున్నాము. ఆ పెన్‌డ్రైవు అదే ఇంట ఉన్నచో 2024 నాటి వరదవంటిది వచ్చినప్పుడు కంప్యూటరుతోపాటు అదియు నీటిపాలగును. కనుక అది గుడివాడలో మా అక్కగారి ఇంట ఉండును. ఆదివారము సంతకు పోవు మా అన్నగారు తీసికొనిపోయి, క్రిందటి వారము ఇచ్చినదానిని తెచ్చెదరు. నాట్లు, కోతలు ముగిసినప్పుడెల్ల కౌలు పద్దులను మాత్రము కాగితముపై అచ్చు తీసి భూస్వామికిని ఒక ప్రతి ఇచ్చుచున్నాము. ఆయన దానిని చూచి తన పుస్తకముతో సరిపోల్చుకొనును.

మా పదకొండు ప్రతులను కలిపిన పిదప, కౌలు బయానా పద్దు నాలుగవ ప్రతిలో దొరకినది. రెండవ దఫా ఎరువు తొమ్మిదవదానిలో ఉన్నది. దొరకనివి రెండే. పెద్ద టిక్కు నొక్కకముందే కరెంటు పోయిన ఒక సాయంకాలము వ్రాసినవి అవి. ఒకటి కాలువ నీరు మరల వదలిన తేదీ, రెండవది దమ్ము ట్రాక్టరునకు ఇచ్చిన బాకీ సొమ్ము. తేదీని ప్రక్కచేని రైతు తన ఇంటి గోడమీది క్యాలెండరు చూచి చెప్పెను. దానిపై ఆయన పెన్సిలుతో చిన్న గీత గీసియుంచెను. ట్రాక్టరు సొమ్ము సంగతి ట్రాక్టరు యజమానియే వచ్చి చెప్పెను. ఆయన చెప్పిన మొత్తము మాకు జ్ఞాపకమున్నదానికంటె మూడువందల రూపాయలు ఎక్కువ. మావద్ద పద్దు లేదు గనుక ఇచ్చి పంపితిమి.